సున్నాకి ఎడమ పక్క

నాకు పక్షవాతం వచ్చిందని అందరికంటే చివర నమ్మింది నేనే.

యలహంకలోని ఒక ప్రైవేటు హైస్కూల్లో లెక్కల మాస్టరుగా నా సగం జీవితం గడిచింది. మాది హిందూపురం దగ్గర పల్లె. బి.ఎడ్. చదవడానికి బెంగుళూరు వచ్చి, ఇక్కడే ఉద్యోగం దొరకడంతో ఉండిపోయాను. యలహంక పాత పేటలో తాతల కాలం నుంచీ స్థిరపడిన తెలుగువాళ్ళ అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాను. వాళ్ళ తాతలు మగ్గం నేసేవాళ్ళు. ఆమె ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది, చీరలకు ఫాల్ వేసేది. మాకు ఒక్కతే కూతురు. నా ఒళ్ళు పడిపోయిన సంవత్సరం అది పదో తరగతి. నా బడిలోనే, నేను పాఠం చెప్పే సెక్షన్‌లోనే చదువుతుండేది. ఇంట్లో ‘అప్పా’ అని, బళ్ళో ‘సార్’ అని పిలిచేది. ఒక్కసారి కూడా పొరబడేది కాదు.

ఆ రోజు పొద్దున బడికి తయారవుతూ గడ్డం గీసుకుంటున్నాను. ఉన్నట్టుండి బాత్‌రూమ్ గోడ నా మీదికి ఒరిగినట్టయింది. నేను కింద కూర్చుని ఉన్నాను. ఎలా కూర్చున్నానో తెలియదు. చప్పుడు విని నా భార్య పరిగెత్తుకొచ్చింది.

“ఏమైంది? లేయండి, లేయండి” అంది.

“ఏం కాలేదు. కాలు జారింది.”

నా ముఖం చూసి ఆమె గొంతు మారింది. “ఎడమ చెయ్యి ఎత్తండి చూద్దాం.”

“ఎత్తినాను కదా” అన్నాను.

నేను నిజంగానే ఎత్తాననుకున్నాను. అబద్ధం చెప్పడం కాదు, మొండితనమూ కాదు. చెయ్యి ఎత్తమంటే ఎత్తాను, అంతే. ఆమె వాకిట్లోకి పరిగెత్తి పక్కింటివాళ్ళను ఎందుకు కేకేస్తోందో నాకు అర్థం కాలేదు. మొదటి పీరియడ్‌కు ఆలస్యమవుతోందని ఆటోలో పడుకుని కూడా సణుగుతూనే ఉన్నానట.

ఆసుపత్రిలో డాక్టరు ఇంకా చిన్నవాడే, నా పాత విద్యార్థుల వయసు ఉంటుంది. తెల్ల కాగితం, పెన్సిల్ ఇచ్చి గడియారం బొమ్మ గీసి అంకెలు వేయమన్నాడు. లెక్కల మాస్టరుకు ఇచ్చే పనా ఇది అని నవ్వుకున్నాను. గుండ్రంగా గీశాను, అంకెలు వేశాను. చక్కగా వచ్చిందనే అనుకున్నాను. నా భార్య ఆ కాగితం చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పన్నెండు అంకెలూ కుడి సగంలోనే ఇరికించి రాశానని చాలా రోజుల తర్వాత చెప్పింది.

ఇంకోసారి డాక్టరు దుప్పటి మీద ఉన్న ఒక చేతిని పైకెత్తి నా కళ్ళ ముందుకు తెచ్చాడు. “ఇదెవరి చెయ్యి సార్?” అని అడిగాడు.

“మీదే” అన్నాను.

“నా చేతులు రెండూ ఇక్కడున్నాయి కదా.”

“అయితే మా ఆవిడది.”

ఆ చేతికి నా పెళ్ళి ఉంగరం ఉంది. అది నా కంటికి ఆనలేదు.

మెదడు కుడి భాగంలో రక్తం గడ్డకట్టిందని, దానివల్ల ఎడమ చెయ్యి, కాలు బలం పోయాయని డాక్టరు నా భార్యకు చెప్పాడు. “అది మెల్లగా కొంత వస్తుందమ్మా. ఇంకో కష్టం ఉంది. కళ్ళు బాగానే ఉన్నాయి. కానీ ఈయన మెదడు ఎడమ పక్కను పట్టించుకోవడం మానేసింది. ఆ పక్క మనిషి నిలబడినా, గోడ ఉన్నా ఈయనకు లేనట్టే. లేదన్న సంగతి కూడా ఈయనకు తెలియదు. అదే కష్టం” అన్నాడు. నేను మంచం మీదే ఉన్నాను. అంతా విన్నాను. ఇంకెవరో రోగి గురించి మాట్లాడుతున్నట్టు విన్నాను. నాకు అన్నీ కనబడుతున్నాయి కదా. కిటికీ కనబడుతోంది, సెలైన్ సీసా కనబడుతోంది. కనబడనిది ఏదో ఉందని మనిషికి ఎలా తెలుస్తుంది?

ఇంటికి వచ్చాక కాలు కొంత స్వాధీనంలోకి వచ్చింది. చేతికర్ర పట్టుకుని గదిలో తిరగగలిగేవాణ్ణి. కానీ ప్రతి గడపకూ ఎడమ భుజం కొట్టుకునేది. భుజం కమిలి నల్లబడింది. ఇంటివాళ్ళు తలుపులు అడ్డంగా తీసిపెడుతున్నారని కోప్పడేవాణ్ణి. అన్నం దగ్గర ఇంకా గొడవ. “ఇంతే పెడితివేం? కడుపు నిండొద్దా?” అని రోజూ అరిచేవాణ్ణి. ఆమె మాట్లాడకుండా తట్టను, అంటే నా కంచాన్ని, పట్టుకుని కొంచెం తిప్పేది. ఉన్నట్టుండి అన్నం, పప్పు, రాగిముద్ద కనబడేవి. ‘అరిస్తే గానీ పెట్టదు’ అనుకుంటూ తినేవాణ్ణి. ఆమె కొత్తగా ఏమీ వడ్డించడం లేదని, నేను తినకుండా వదిలేసిన సగాన్నే నా ముందుకు తిప్పుతోందని నాకు తెలియదు. అప్పటికే ఆమె చెప్పడం మానేసింది. చెబితే నేను నమ్మేవాణ్ణి కాను. నమ్మకపోగా ఆమెకు మతి పోయిందనేవాణ్ణి.

ఒకరోజు సాయంత్రం కూతురు బడి నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, గ్రాఫ్ షీటు తెచ్చి నా పక్కన కూర్చుంది. నా బదులు వచ్చిన మేడమ్ రెండు చలరాశుల సమీకరణాల జతలను గ్రాఫ్ పద్ధతిలో సాధించడం చెబుతోందట. రెండు సమీకరణాలకు రెండు గీతలు గీయాలి. ఆ గీతలు ఎక్కడ కలుస్తాయో ఆ బిందువే జవాబు. ఎన్ని సంవత్సరాలు చెప్పానో ఆ పాఠం. నాకు అన్నిటికంటే ఇష్టమైన పాఠం అదే. పిల్లలు కాగితం మీద లెక్క జవాబును కళ్ళారా చూస్తారు కదా, అందుకు.

“అప్పా, ఇది సరిగ్గా ఉండాదా చూడు” అంది.

లెక్క సులువైనదే. ఎక్స్ మైనస్ వై ఈజ్ ఈక్వల్ టు మైనస్ ఐదు. ఎక్స్ ప్లస్ వై ఈజ్ ఈక్వల్ టు ఒకటి. షీటు అందుకుని చూశాను. ఒక గీత పైకి పోతోంది, ఇంకోటి కిందికి పోతోంది.

“జవాబు యాడ రాస్తివి? గీతలు కలిసేదాకా పొడిగించలేదు నువ్వు” అన్నాను.

“కలిసినాయి కదప్పా. చుట్టు కూడా పెట్టినా.”

“యాడ కలిసినాయి? ఇవి దూరం పోతా ఉండాయి.”

నాకు చిరాకు వచ్చింది. “ఇంకో షీటు తీసుకురా. స్కేలు, పెన్సిలు ఇయ్యి” అన్నాను. ఎడమ చెయ్యి కాగితాన్ని అదిమిపెట్టే స్థితిలో లేదు. కూతురు షీటు అంచులు పట్టుకుంది. నేను అక్షాలు గీశాను. మొదటి సమీకరణానికి ఎక్స్ విలువ సున్నా, ఒకటి, రెండు తీసుకున్నాను. వై విలువలు ఐదు, ఆరు, ఏడు వచ్చాయి. రెండోదానికి కూడా అవే ఎక్స్ విలువలు. ఒకటి, సున్నా, మైనస్ ఒకటి వచ్చాయి. బిందువులు పెట్టి గీతలు గీశాను. ఒకటి ఐదు దగ్గర మొదలై పైకి, కుడికి పోయింది. ఇంకోటి ఒకటి దగ్గర మొదలై కిందికి, కుడికి పోయింది. ఎంత పొడిగిస్తే అంత దూరమయ్యాయి.

“చూడు. కలవవు. పుస్తకంలో తప్పు అచ్చయింది” అన్నాను.

“తప్పు లేదప్పా.”

“నాకు చెప్తావా నువ్వు లెక్కలు!”

నా అరుపుకు వంటింట్లోంచి నా భార్య వచ్చి తలుపు దగ్గర నిలబడింది. కూతురు తల వంచుకుంది. ఆ కాసేపట్లో, ఇన్నేళ్ళ అలవాటు కొద్దీ, నా మనసు తన పని తాను చేసుకుపోయింది. గీతలు కలుస్తాయో లేదో తెలుసుకోవడానికి గ్రాఫ్ గీయనక్కర్లేదు. గుణకాల నిష్పత్తులు చూస్తే చాలు. ఎక్స్ గుణకాల నిష్పత్తి ఒకటి, వై గుణకాలది మైనస్ ఒకటి. రెండూ సమానం కావు. అంటే ఈ గీతలు కలిసి తీరాలి, సరిగ్గా ఒక్క చోట. ఎవరు ఏమన్నా అది మారదు. రెండు సమీకరణాలనూ కలిపి కూడిక చేశాను. వై పోయింది. రెండు ఎక్స్‌లు మైనస్ నాలుగు. ఎక్స్ మైనస్ రెండు, వై మూడు.

మైనస్ రెండు. సున్నా దగ్గర నుంచి ఎడమకు రెండు గళ్ళు పోవాలి.

పెన్సిల్ సున్నా మీద పెట్టాను. ఎడమకు పోదామని చూశాను. పోవడానికి చోటు లేదు. కాగితం అక్కడితో అయిపోయింది. నేను గీసిన వై అక్షమే కాగితం అంచు.

“ఈ షీటు యాల చింపినారు?” అని కారణం అడిగాను.

“చింపలేదప్పా” అంది కూతురు, ఏడుపు ఆపుకుంటూ. “ఒక్క నిమిషం ఉండు.”

అది రెండు చేతులతో షీటును పట్టుకుని తలకిందులుగా తిప్పింది. నేను గీసినవన్నీ మాయమయ్యాయి. వాటి చోట ఖాళీ గళ్ళు. ఒక్క గీత కూడా లేని, పచ్చని, సన్నని గళ్ళు, సగం షీటు. మళ్ళీ తిప్పింది. ఖాళీ గళ్ళు పోయాయి, నా గీతలు వచ్చాయి. తర్వాత తను గీసిన షీటును తెచ్చి నా ముందు అలాగే తలకిందులు చేసింది. రెండు గీతలు కలిసిన చోట పెన్సిల్‌తో చిన్న చుట్టు, పక్కనే తలకిందులుగా, మైనస్ రెండు, మూడు.

ఇన్ని వారాలు డాక్టరు చెప్పినా, భార్య ఏడ్చినా, గడపలు భుజాన్ని కమిలించినా నమ్మని నేను ఆ చుట్టును చూసి నమ్మాను. నాకు కనబడకపోయినా ఆ బిందువు ఉండక తప్పదు. దాన్ని నేను కాదనలేను. అది ఉందంటే అది ఉన్న చోటు కూడా ఉంది. ఆ చోటు నాకు లేదు. కాగితంలో సగం లేకపోతే గదిలో ఎంత లేదు? వీధిలో ఎంత లేదు?

“ఇంకా ఏమేమి ఉండాయి ఆ పక్క?” అని అడిగాను.

నా భార్య వచ్చి నా ఎదురుగా కూర్చుంది. “సుమ్నే ఉండండి ఇప్పుడు, ఊరుకోండి. అలిసిపోతారు” అంది. కానీ నేను వదల్లేదు. అప్పుడు చెప్పింది. తట్ట గురించి చెప్పింది. గడ్డం సగమే గీసుకుంటున్నానని, మిగతా సగం నేను నిద్రపోయాక తనే గీస్తోందని చెప్పింది. వాళ్ళ అమ్మ చూడవచ్చి నా ఎడమ పక్క కూర్చుని చాలాసేపు పలకరించినా నేను తిరిగి చూడలేదని, ఆ ముసలామె నాకు ఏదో కోపమనుకుని కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయిందని చెప్పింది. వింటూ నేను చిన్నపిల్లాడిలా ఏడ్చాను. జబ్బు పడ్డాక నేను ఏడవడం అదే మొదటిసారి.

మరుసటి వారం డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు కూతురు ఆ షీట్లు రెండూ చూపించింది. ఆయన వాటిని చాలాసేపు చూశాడు. “ఈయనకు తెలిసిన దారిలోనే పోదాం” అన్నాడు. కాగితానికి ఎడమ అంచున ఎర్ర టేపు అంటించి, అది కనబడేదాకా తల తిప్పమన్నాడు. ఎర్రది కనబడితేనే కాగితం పూర్తయినట్టు. కనబడకపోతే ఇంకా ఉంది.

కూతురు రోజూ సాయంత్రం ఒక షీటు తయారుచేసేది. గీతలు ఎడమ పక్క కలిసే లెక్కలే వెతికి తెచ్చేది. నేను తల తిప్పాలి. ఆ తిప్పడం ఎంత కష్టమో చెప్పలేను. మెడకు ఏ నొప్పీ లేదు. అటు చూడాలనే అనిపించదు, అంతే. మన వెనక గోడలో తలుపు లేదని తెలిసినప్పుడు తలుపు కోసం ఎవరూ వెనక్కి తిరగరు కదా. నేను తిరగాలి. లేదని నా ఒళ్ళంతా చెబుతున్నా తిరగాలి. ఒక్కోరోజు ఎర్ర టేపు కనబడగానే ముగ్గురం సంతోషంతో నవ్వేవాళ్ళం. ఒక్కోరోజు ఎంతకీ దొరికేది కాదు. స్కేలు విసిరికొట్టేవాణ్ణి. కూతురు తన పుస్తకాలు పక్కన పెట్టి స్కేలు ఏరుకొచ్చేది. తన చదువు వెనకబడుతోందని నాకు తోచలేదు. తోచినా ఆపమనేవాణ్ణో కాదో.

కొన్ని నెలలకు ఎర్ర టేపు పెడితే గ్రాఫ్ పూర్తిగా గీయగలిగాను. బడికి వెళతానన్నాను.

మా హెడ్‌మిస్ట్రెస్ మంచిమనిషి. నాతోపాటే చిన్న టీచరుగా చేరి ఆ స్థాయికి వచ్చింది. “ముందు ఒక్క పీరియడ్ తీసుకోండి సార్. పిల్లలకు రివిజన్ కావాలి ఎలాగూ. నేను కూడా వెనక కూర్చుంటాను” అంది. అది పరీక్ష అని నాకు తెలుసు. ఒప్పుకున్నాను.

ఆ రోజు నా భార్య ఇస్త్రీ చొక్కా తొడిగి, గడ్డం తనే గీసి పంపింది. కూతురు అందరికంటే ముందు క్లాసుకు వెళ్ళి నల్లబల్ల ఎడమ అంచున పైనుంచి కింది దాకా ఎర్ర టేపు అంటించింది. నేను కర్ర పట్టుకుని లోపలికి వెళ్ళగానే పిల్లలంతా లేచి నిలబడి గట్టిగా ‘గుడ్ మార్నింగ్ సార్’ అన్నారు. క్లాసులో మేం మాట్లాడేది ఇంగ్లీషు, కన్నడం కలిపి. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

నల్లబల్లకు గళ్ళ చార్టు తగిలించి ఉంది. ఆ సాయంత్రం కూతురు తెచ్చిన సమీకరణాల జతనే రాశాను. తల తిప్పి ఎర్ర గీత వెతికాను. దొరికింది. అక్షాలు సరిగ్గా మధ్యలో వేశాను. ఎడమకు మైనస్ అంకెలు, కుడికి ప్లస్ అంకెలు. బిందువులు పెట్టాను. ఒక కుర్రాడు ముందుకొచ్చి స్కేలు పట్టుకున్నాడు. రెండు గీతలూ ఎడమ పక్కన పైభాగంలో కలిశాయి. సుద్దముక్కతో దాని చుట్టూ సున్న చుట్టాను. జబ్బు పడ్డ తర్వాత అంత సంతోషం నాకు ఎప్పుడూ కలగలేదు. ఈ పని నాది, ఇది నాకు తిరిగి వచ్చింది అనుకున్నాను.

తర్వాత పిల్లల వైపు తిరిగి ప్రశ్నలు వేశాను. చకచకా చెప్పారు. మెచ్చుకున్నాను. “ఇప్పుడు కొంచెం కష్టమైనది. ఈ గీతలు కలవకుండా ఉండాలంటే రెండో సమీకరణంలో ఏం మార్చాలి?” అని అడిగాను. ఎవరూ చెప్పలేదు. “ఒక్కరికీ రాదా? నేను లేని ఇన్ని నెలలు ఏం చదివారు?” అన్నాను.

“సార్” అని వినబడింది.

ఆడపిల్ల గొంతు. నా కుడి పక్క బెంచీల వైపు చూశాను. అంతా మగపిల్లలే. “ఎవరు పిలిచింది? లేచి నిలబడండి” అన్నాను.

“సార్” అని మళ్ళీ వినబడింది. మళ్ళీ అక్కడే వెతికాను. ఒకరిద్దరు మగపిల్లలు కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు ఎందుకో తెలియక నేను విసుక్కున్నాను. “పిలిచేవాళ్ళు లేచి నిలబడాలని తెలియదా?”

అడుగుల చప్పుడైంది. ఎవరో బెంచీల వెనక నుంచి నడిచి వస్తున్నారు. చూస్తే నా కూతురు, మగపిల్లల వరుస పక్కన, గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

“వై గుణకం గుర్తు మార్చాలి సార్” అంది.

“జవాబు సరే. నువ్వు మగపిల్లల పక్కకు ఎందుకు వచ్చావు?” అని అడిగాను.

అది కింది పెదవి కొరుక్కుంటూ నేలకేసి చూసింది. వెనక బెంచీ నుంచి హెడ్‌మిస్ట్రెస్ లేచి వచ్చి, “ఇవాళ్టికి చాలు సార్, చాలా బాగా చెప్పారు” అంది.

మా బళ్ళో ఆడపిల్లలు ఒక పక్క, మగపిల్లలు ఒక పక్క కూర్చుంటారు. బల్లకు వీపు పెట్టి నిలబడితే ఆడపిల్లల వరుసలన్నీ నాకు ఎడమ పక్క వస్తాయి. ఇన్నేళ్ళు పాఠం చెప్పిన క్లాసు అది. అయినా ఆ పీరియడంతా అక్కడ ఆడపిల్లలు ఉన్నారని నాకు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. నల్లబల్లకు ఎర్ర గీత ఉంది. పిల్లలకు లేదు.

హెడ్‌మిస్ట్రెస్ తన గదిలో నన్ను కూర్చోబెట్టి కాఫీ తెప్పించింది. “బోర్డు గురించి నాకు అనుమానం లేదు సార్. మొదటి నుంచీ ఆడపిల్లలు కూడా చేతులెత్తుతూనే ఉన్నారు. మీ అమ్మాయి రెండుసార్లు లేచి పిలిచి, మూడోసారి నడిచి వచ్చింది. మీరు ‘ఒక్కరికీ రాదా’ అన్నప్పుడు వాళ్ళ ముఖాలు చూశాను నేను” అంది. “రేపు ఆ పక్క ఎవరైనా కళ్ళు తిరిగి పడిపోయినా మీకు తెలియదు. నేనేం చెయ్యను, మీరే చెప్పండి.”

కాఫీ తాగి లేచాను. వాకిలి దాటుతుంటే ఎడమ భుజం తలుపుకు కొట్టుకుంది.

ఆ తర్వాత నా మనసు చెడిపోయింది. బడి మాట తప్ప వేరే మాట లేదు. ఆ క్లాసును ఎలా చెప్పి ఉండాల్సింది, ఆడపిల్లలను కుడి పక్కకు మార్చి ఉంటే ఏమయ్యేది, ఇంకో నెల ఆగి ఉంటే ఏమయ్యేది అని పొద్దస్తమానం నా భార్య చెవిలో జోరీగలా మోగేవాణ్ణి. ఆమె మిషను తొక్కుతూ వినేది. సాయంత్రాలు నన్ను నడకకు తీసుకెళ్ళేది. ఎప్పుడూ నా ఎడమ పక్కనే నడిచేది, నా మోచెయ్యి పట్టుకుని. ఆ పక్క గుంతలు, మోటారు సైకిళ్ళు, మనుషులు, అన్నీ ఆమే చూసుకునేది.

ఆ రోజు పెద్ద రోడ్డు దాటుతున్నాం. సగం దాటాక బళ్ళు వచ్చేది ఎడమ పక్క నుంచే. నేను మాట్లాడుతున్నాను, బడి గురించే. ఏదో చప్పుడైంది. కుడి పక్క అనిపించి అటు చూశాను, ఏమీ లేదు. మోచేతి మీద పట్టు పోయిందని కూడా తెలియలేదు. ఆ చెయ్యి అలాంటివి ఏవీ నాకు చెప్పదు. నడుస్తూనే ఉన్నాను. “హెడ్‌మిస్ట్రెస్ చెడ్డది కాదు, కానీ ఆమె ఒక్క మాట ముందే చెప్పి ఉంటే...” అంటూ ఫుట్‌పాత్ ఎక్కాను. ఎక్కి ఆమె జవాబు కోసం ఆగాను.

ఎళనీరు, అదే కొబ్బరి బోండాలు, అమ్మే ఆయన నా మీదికి చేతులూపుతూ కన్నడంలో అరుస్తున్నాడు. ఎందుకు అరుస్తున్నాడా అనుకున్నాను. నా భార్య ఎక్కడికి పోయిందా అని కుడి పక్క చూశాను. అతను వచ్చి నా రెండు భుజాలు పట్టుకుని నన్ను వెనక్కి తిప్పాడు. అప్పుడు కనబడింది. సామాన్ల ఆటో ఒకటి అడ్డంగా ఆగి ఉంది. చుట్టూ జనం. వాళ్ళ కాళ్ళ సందులోంచి ఆమె చీర.

ఆసుపత్రికి కూతురు యూనిఫారంలోనే వచ్చింది. ట్యూషన్ నుంచి ఎవరో బండి మీద దించి వెళ్ళారు. వరండాలో నా ముందు నిలబడి, “అప్పా, అమ్మ నీకు ఏ పక్క ఉండె?” అని అడిగింది.

“ఎడమ పక్క.”

అది తలూపింది. నా కుడి పక్క కుర్చీలో కూర్చుంది.

తొడ ఎముక, మోకాలు విరిగాయి. ఆపరేషన్ చేసి రాడ్ వేశారు. మాట్లాడే ఓపిక వచ్చాక నా భార్య నన్ను దగ్గరికి పిలిచింది.

“మీరు మాట్లాడుకుంటా పోతానే ఉండిరి” అంది. “కింద పడుకోని మీ వీపు చూస్తా ఉంటిని. పిలిస్తిని.”

“ఏమని పిలిస్తివి?”

“పిలిస్తిని, అంతే. మీరు ఆ పక్క తిరిగి చూస్తిరి. నేను లేని పక్క.” కాసేపు కళ్ళు మూసుకుంది. “మీకు ఏమీ కాలేదు కదా. సాకు, అది చాలు.”

ఆమె మీద నాకు అప్పుడు కోపం వచ్చింది. ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

ఆమె ఇప్పుడు కుంటుతూ నడుస్తుంది. కుడి మోకాలు పూర్తిగా వంగదు. మిషను తొక్కడం కుదరదు కాబట్టి మోటారు బిగించుకుంది. కుట్టు ముందులా సాగడం లేదంటుంది. ఆ ఏడు మా ఇంట్లో వంట, ఆసుపత్రి, నేను, అన్నీ కూతురి మీదే పడ్డాయి. పదో తరగతి పరీక్షలు రాసింది. లెక్కల పేపరులో గ్రాఫ్ ప్రశ్న వచ్చిందని, పూర్తిగా చేశానని చెప్పింది. మంచి మార్కులే వచ్చాయి. పీయూసీలో, అంటే ఇంటర్లో, సైన్సు తీసుకుంటుందనుకున్నాను. కామర్స్ తీసుకుంది.

“యాల?” అని అడిగాను.

“లెక్కలు ఇంక వద్దప్పా నాకు” అంది. వాదించలేదు, ఏడవలేదు. వద్దన్నది.

పోయిన నెల డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయన కాగితం మీద చిన్న చిన్న గీతలు చాలా వేసి, అన్నిటినీ కొట్టేయమన్నాడు. తల తిప్పుకుంటూ చేశాను. ఎడమ అంచున ఒక వరుస మిగిలిపోయిందని చూపించాడు. ఇంతకంటే పెద్ద మార్పు ఆశించవద్దని మెల్లగా చెప్పాడు.

“అంటే ఇట్లే ఉంటారా సార్?” అని నా భార్య అడిగింది.

“ఇట్లే అమ్మా. జాగ్రత్తగా ఉంటే చాలు.”

ఆమె మందుల చీటీ మడిచి సంచిలో పెట్టుకుంది. కుర్చీ చేతులు పట్టుకుని లేచి, మోకాలు సర్దుకుని, నా చొక్కా కాలర్ సరిచేసింది. “పోదాం రండి. అది కాలేజీ నుంచి వచ్చే వేళ అవుతా ఉండాది” అంది.